కంటిలో గడ్డ, మేడారంలో జనం

పరకాల నుంచి ఒక ఉపాధ్యాయురాలు ఫోను చేశారు. వాళ్ల అక్క మనవడికి రెండేళ్లు. పుట్టినరోజు ఫొటోలో ఒక కంటిపాప ఎర్రగా, రెండోది తెల్లగా మెరిసిందట. హైదరాబాద్‌లో డాక్టర్లు రెటీనోబ్లాస్టోమా (పసిపిల్లల కంటి వెనక పొర రెటీనాలో పుట్టే క్యాన్సర్ గడ్డ) అని అనుమానించి ఎమ్మారై రాశారు. "ఎక్కడ గడ్డ లేచినా చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు కదండీ, దీన్నెందుకు పంపరు?" అన్నది ఆమె ప్రశ్న.

ఈ గడ్డ ఉన్న కంట్లో సూది దింపితే, అది వచ్చిన దారినే క్యాన్సర్ కణాలు కూడా బయటపడవచ్చు. అందుకే కంటిలోకి చూసి, అల్ట్రాసౌండ్, ఎమ్మారై తీసి నిర్ధారిస్తారు. గడ్డలోని సున్నపు మచ్చలు సీటీ స్కానులో బాగా కనిపిస్తాయి. కానీ ఈ గడ్డకు మూలమైన ఆర్‌బీ1 జన్యువులో పుట్టుకతోనే లోపమున్న పిల్లల్లో సీటీలోని ఎక్స్‌రే కిరణాలు మరో క్యాన్సర్‌కు దారి తీసే ముప్పు ఉంది. ఎమ్మారైలో ఆ కిరణాలే ఉండవు.

ఎమ్మారై పాఠం మొత్తం ఇక్కడ చెప్పను. అందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉపాయం ఒకటుంది. గడ్డలోని నీరు ఎంత దూరం నడవగలదో యంత్రం కొలుస్తుంది.

మేడారం తలచుకోండి. మామూలు రోజున సమ్మక్క గద్దె దగ్గర నిలబడ్డ మనిషి నిమిషంలో ఎటు కావాలంటే అటు వెళ్లిపోతాడు. మాఘ పౌర్ణమి జాతరలో అదే నిమిషానికి జానెడు కదలలేడు. కనుగుడ్డులో నిండిన తేట గుజ్జు దాదాపు అంతా నీరే కాబట్టి అది జాతర లేని మైదానం. రెటీనోబ్లాస్టోమా కణాలు చిన్నవి, కేంద్రకమే వాటిలో చాలా భాగం, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కిక్కిరిసి ఉంటాయి. అది జాతర.

మరి ఎవరెంత కదిలారో ఎలా తెలుస్తుంది? మైకులో ఒక మాట చెప్పించండి: "గద్దెకు ఎన్ని అడుగుల దూరంలో ఉంటే అన్ని డిగ్రీలు కుడికి తిరగండి." కాసేపాగి, "ఇప్పుడున్న దూరాన్ని బట్టి అన్ని డిగ్రీలు ఎడమకు తిరగండి." కదలనివాడు మళ్లీ మొదటి దిక్కుకే వస్తాడు. నడిచినవాడి ముఖం మరో దిక్కున ఉంటుంది. అందరూ ఒకే దిక్కుకు చూస్తూ కేక వేస్తే అటు దద్దరిల్లుతుంది. తలో దిక్కుకు వేస్తే ఎటూ బలంగా వినపడదు. యంత్రం చేసేదీ ఇదే. అయస్కాంత క్షేత్రాన్ని ఒక పక్కకు క్షణకాలం కాస్త పెంచి నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలను వాటి స్థానాన్ని బట్టి తిప్పుతుంది, ఆ తర్వాత ఆ తిప్పుడును వెనక్కి తీస్తుంది. కదిలిన నీటి సంకేతాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. చిత్రంలో గుజ్జు నల్లబడుతుంది, ఇరుక్కున్న నీరున్న గడ్డ వెలుగుతుంది.

స్వేచ్ఛగా ఉన్న నీటి అణువు శరీర వేడిమిలో 50 మిల్లీసెకన్లకు సుమారు 30 మైక్రాన్ల దూరం పోతుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కణం వెడల్పు ఇంచుమించు 10 మైక్రాన్లు. అంటే ఆ కాస్త వ్యవధిలోనే నీరు కణపు గోడలకు తగులుతుంది. చిత్రంలోని ఒక్కో చుక్క మిల్లీమీటరు లెక్కలోది, అయినా అది చెప్పే కబురు మైక్రాన్లది! మందులతో కణాలు చచ్చి గోడలు పగిలితే నీటికి మళ్లీ దారి దొరుకుతుంది, కొలతా పెరుగుతుంది. పెద్దవాళ్లకు కంటి రంగు కణాల్లో వచ్చే క్యాన్సర్, మెలనోమాది వేరే లెక్క. మెలనిన్ రంగుకే అయస్కాంత స్వభావం ఉండటంతో, గుజ్జు నల్లగా కనిపించే టీ1 అనే రకం ఎమ్మారై చిత్రంలో అది తెల్లగా, గుజ్జు తెల్లగా కనిపించే టీ2 రకంలో నల్లగా కనిపిస్తుంది.

మన పల్లెల్లో తెల్లని మెరుపు చూసి "కంట్లో పువ్వు వేసింది" అంటూ ఆకుపసరు పోయడం ఇంకా ఉంది. పువ్వు వేసేది కంటి పైపొర మీద, ఈ తెలుపు కనుగుడ్డు వెనక గోడ దగ్గరిది. పసరు అక్కడికి చేరదు. ఆలస్యం మాత్రం చేస్తుంది. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

హనుమకొండలో ఒకసారి స్కానింగు గది బయట ఒక నాయనమ్మను చూశాను. రెండేళ్ల పిల్లవాడు కన్ను కదపకుండా ఉండలేడు కాబట్టి మత్తు ఇస్తున్నారు. నర్సు కాటుక తుడిచింది. కొన్ని కాటుకల్లో ఉండే ఇనుప ఆక్సైడు చిత్రాన్ని వంకర చేస్తుంది. మొలతాడు, తాయెత్తు కత్తిరించి ఇస్తే, అయ్యేదాకా ఆమె వాటిని గుప్పిట్లోనే పట్టుకుని కూర్చుంది.

ఆ చిత్రాల్లో డాక్టరు మొదట వెతికేది కనుగుడ్డు వెనకనుంచి మెదడుకు పోయే దృష్టి నాడిని. దాని మందం మూడు నాలుగు మిల్లీమీటర్లే. గడ్డ అందులోకి పాకిందా లేదా అన్నదాన్ని బట్టి చికిత్స మారిపోతుంది. జన్యులోపం ఉన్న పిల్లల్లో మెదడు నడుమనున్న పీనియల్ గ్రంథిని కూడా అదే స్కానులో చూస్తారు, ఎందుకంటే కొందరిలో అక్కడా ఇలాంటి గడ్డే పుడుతుంది.