నాపరాయి మీద ఫెర్న్ ఆకు

నంద్యాల వైపు నుంచి ఒక పాఠకురాలు ఫొటో పంపారు. వసారాలో కొత్తగా పరిచిన నాపరాయి మీద నల్లటి ఫెర్న్ ఆకు. ఒకటి కాదు, రాయి అంచు వెంట ఏడెనిమిది. "ఇవి శిలాజాలేనా? ఈ రాయి బాగాలేదు, పక్కన పడేద్దామని మేస్త్రీ అంటే వద్దని ఆపాను" అని రాశారు.

ఆపినందుకు ఆమెకు నమస్కారం. కానీ ఇవి శిలాజాలు కావు.

ముందు రాయి వయసు చూడాలి. కర్నూలు, కడప వైపు నాపరాయి ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. దాని వయసు 54 కోట్ల ఏళ్ళకు పైనే. నేల మీద మొక్కల తొలి ఆనవాళ్ళు సుమారు 47 కోట్ల ఏళ్ళ నాటివి. ఫెర్న్‌లు ఇంకా తర్వాత వచ్చాయి. మొక్కే పుట్టని కాలపు రాతిలో ఆకు ఎక్కడిది?

అది మాంగనీసు గీసిన బొమ్మ. పేరు డెండ్రైట్. రాయి గట్టిపడ్డాక ఎప్పుడో పొరల మధ్య సందుల్లోకి నీళ్ళు దిగుతాయి. వాటిలో కరిగి ఉన్న మాంగనీసు, ఆక్సిజన్ తగిలిన చోట ఆక్సైడుగా మారి నల్లగా అతుక్కుపోతుంది. ఈ నలుపును పైరొలుసైట్ అనే మాంగనీసు ఖనిజమని చాలాకాలం పుస్తకాల్లో రాస్తూ వచ్చారు. 1979లో పాటర్, రాస్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఇన్‌ఫ్రారెడ్ వర్ణపటాలతో చూస్తే రొమనెకైట్, హాలండైట్ జాతి, టోడొరొకైట్ లాంటి వేరే మాంగనీసు ఖనిజాలు దొరికాయి కానీ పైరొలుసైట్ దొరకలేదు.

అసలు ప్రశ్న ఇది కాదు. కాగితం మీద నూనె చుక్క పడితే గుండ్రంగా పాకుతుంది. మరి ఈ మరక కొమ్మలు ఎందుకు వేసింది?

బడి మైదానంలో ఒక ఆట పెట్టండి. మధ్యలో ఒక పిల్లవాడు కదలకుండా నిలబడతాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే కళ్ళకు గంతలు కట్టుకుని, గోడ దగ్గర నుంచి దిక్కూ దరీ లేకుండా తిరుగుతూ వస్తారు. నిలబడ్డవాడికి తగిలితే అక్కడే బొమ్మలా ఆగిపోవాలి. తర్వాత వచ్చేవాడు వీళ్ళలో ఎవరికి తగిలినా అంతే. వంద మంది అయ్యాక మేడ మీది నుంచి చూడండి. పిల్లలు గుంపుగా ఉండరు, చెట్టు కొమ్మల్లా ఉంటారు!

ఎందుకంటే, పొరపాటున ఒకడు కాస్త ముందుకు పొడుచుకుని నిలబడ్డాడనుకోండి. వాడి చుట్టూ ఖాళీ ఎక్కువ, కాబట్టి తిరిగేవాళ్ళు ముందు వాడికే తగులుతారు. దాంతో ఆ కొమ్మ ఇంకా పొడుస్తుంది, ఇంకా ఎక్కువమంది తగులుతారు. లోపలి సందుల్లోకి వెళ్ళాల్సినవాడు దారిలోనే ఏదో ఒక కొమ్మకు తగిలి ఆగిపోతాడు. రాతి సందులో మాంగనీసు పడే పాటు ఇదే. ఇదే ఆటను 1981లో విట్టెన్, శాండర్ అనే భౌతిక శాస్త్రవేత్తలు కంప్యూటర్ మీద ఆడించారు. అందులో ఒక లెక్క నాకు ఎప్పటికీ పాతబడదు. నిండు చక్రం వ్యాసార్ధం రెట్టింపైతే దానిలో పట్టే జనం నాలుగు రెట్లవుతారు. ఒట్టి గీత అయితే రెండు రెట్లే. ఈ కొమ్మల చెట్టుకు సుమారు 3.3 రెట్లు. గీతకు ఒక కొలత (డైమెన్షన్), చక్రానికి రెండు. ఇది ఆ రెంటికీ మధ్య, 1.71 కొలతలున్న వస్తువు. నిజం రాయిలో లెక్క ఇంత శుభ్రంగా కుదరదు, సందు మందం, నీటి పారుదల అన్నీ కలగజేసుకుంటాయి. కానీ కొమ్మ వేసే బుద్ధి మాత్రం అదే.

ఇంట్లోనూ చూడొచ్చు. రెండు గాజు పలకల మధ్య కాస్త టూత్‌పేస్టు పెట్టి నొక్కి, మెల్లగా విడదీయండి. గాలి లోపలికి చొరబడుతూ పేస్టులో కొమ్మలు వేస్తుంది. అక్కడ ఆకూ లేదు, మాంగనీసూ లేదు.

ఆట అర్థమైతే ఆకుకూ డెండ్రైటుకూ తేడా పట్టడం తేలిక. రావి ఆకు ఈనెలు విడిపోయి మళ్ళీ కలుసుకుని వలలా అల్లుకుంటాయి. డెండ్రైటు కొమ్మలు దగ్గర దాకా వచ్చి ఆగిపోతాయి, ఆ సందులోకి కొత్తగా ఎవరూ రాలేరు కాబట్టి. ఇంకో పరీక్ష కూడా ఉంది. మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడు చుక్క నలుపు మీద వేయండి. మాంగనీసు ఆక్సైడు దాన్ని విడగొడుతుంది కాబట్టి సన్నగా బుడగలు వస్తాయి.

ఒక విచిత్రం. నేల మీది "శిలాజం" శిలాజం కాదు గానీ, దేవుడి గూట్లో ఉన్నది కావచ్చు. నేపాల్ గండకి నదిలో దొరికే చక్రాల సాలగ్రామాల్లో చాలావాటి లోపల ఉన్నది అమ్మోనైటు అనే సముద్రజీవి చుట్టల గుల్ల. స్క్విడ్, ఆక్టోపస్‌లకు చుట్టం. సుమారు 15 కోట్ల ఏళ్ళ కిందట, హిమాలయాలు లేవక ముందు, అక్కడున్న సముద్రంలో ఈదింది. దాన్ని తులసిదళంతో పూజించేవాళ్ళను చూసి నవ్వే సైన్సు మాస్టార్లంటే నాకు కష్టంగా ఉంటుంది. అంత పదిలంగా శిలాజాన్ని చూసుకునే ఇల్లు ఇంకెక్కడుంది? పిల్లల చేత ఆ చుట్టల్లోని గదులు లెక్కపెట్టిస్తే పాఠం అక్కడే అయిపోతుంది.

మరి కడప రాళ్ళలో నిజమైన జీవం ఆనవాళ్ళే లేవా? ఉన్నాయి. నాపరాయికన్నా చాలా పాత రాయిలో ఉన్నాయి. వేంపల్లె డోలమైట్ అంటారు, సున్నపురాయికి దగ్గరి చుట్టం; తుమ్మలపల్లె యురేనియం ఉన్నది ఆ రాయిలోనే. దానికి పైనున్న తాడిపత్రి పొరల్లోకి చొరబడిన పులివెందుల అగ్నిశిల వయసు 188.5 కోట్ల ఏళ్ళు. కింద ఉన్నది కాబట్టి వేంపల్లె రాయి అంతకన్నా పాతది. అందులో ఉల్లిపాయ కోసినట్టు వంపు వంపుగా పొరలుంటాయి. స్ట్రోమటోలైట్లు. లోతులేని నీళ్ళలో జిగురుగా పరుచుకున్న సూక్ష్మజీవుల చాప మీద బురద అతుక్కుంటుంది, అవి వెలుతురు కోసం పైకి పాకి మళ్ళీ చాప వేస్తాయి.

ఇక్కడా రూపాన్ని నమ్మడానికి లేదు. జీవమే లేకుండా ఇలాంటి గుబురు రూపాలు రావచ్చని 1996లో గ్రోట్‌జింగర్, రోత్‌మన్ అనే శాస్త్రవేత్తలు గణితంతో చూపించారు. అందుకే పొర వాలు మీద చూడాలి. బోర్లించిన గిన్నె మీద ఇసుక పోస్తే జారిపోతుంది. గిన్నెకు బెల్లం పాకం రాసి పోస్తే నిలుస్తుంది. నిటారు వాలు మీద కూడా పలుకులు నిలిచి ఉన్నాయంటే, అక్కడ జిగురు ఉండేదన్నమాట.

నా బల్ల మీద అరచేతంత స్ట్రోమటోలైటు ముక్క ఉంది. తడిపి, లెన్సు పెట్టి చూస్తే బూడిద రంగు, తెలుపు పొరలు, ఒక్కొక్కటి గోరు మందం కూడా ఉండదు. సగం ఎత్తులో పొరలన్నీ ఒకచోట తెగి, ముతక పలుకులు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. ఏదో పెద్ద అల కొట్టినట్టుంది. దాని మీద ఒక సన్నటి పొర, ఎగుడుదిగుడుగా, మళ్ళీ మొదలైంది.