థైరాయిడ్ దెబ్బతింటే ఇమ్యునోథెరపీ ఆపేయాలా? ఈ వాదన ఎక్కడ మొదలైంది

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ఇమ్యునోథెరపీ (శరీర రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే చికిత్స; అది ఒక్కోసారి థైరాయిడ్ మీదా దాడిచేస్తుంది) తీసుకుంటున్న మనిషికి రెండో సైకిలో మూడో సైకిలో అయ్యాక టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్; థైరాయిడ్ హార్మోన్ తగ్గితే ఇది పెరుగుతుంది, ఎక్కువైతే పడిపోతుంది) రిపోర్టు తేడాగా వస్తుంది, ఇక ఇంట్లో టెన్షన్. మందు పడలేదు, ఆపించేయండి అంటారు ఒకరు. కాదు, ఇది మందు పనిచేస్తోందనడానికి మంచి గుర్తు అంటారు ఇంకొకరు. ఇదే వాదన ఇప్పుడు మళ్ళీ జోరందుకుంది.

నా దృష్టిలో అసలు మలుపు 2017. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రి డాక్టర్లు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు తీసుకున్న 51 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల వివరాలు ప్రచురించారు. ముందునుంచే థైరాయిడ్ తక్కువగా ఉన్న ముగ్గురిని పక్కనపెడితే, మిగతా 48 మందిలో 10 మందికి థైరాయిడ్ మాత్ర అవసరమైంది, అదీ ఎక్కువగా మొదటి ఆరేడు వారాల్లోనే. ఆ పదిమందిలో 8 మంది రక్తంలో థైరాయిడ్‌పై దాడిచేసే యాంటీబాడీలు ఉన్నాయి, మిగిలిన 38 మందిలో ముగ్గురికే ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువ చర్చ రేపిన అంకె ఇంకోటి: థైరాయిడ్ దెబ్బతిన్నవాళ్ళ మధ్యస్థ జీవితకాలం (సగంమంది అంతకంటే ఎక్కువకాలం బతికారు) 40 నెలలు, మిగతావాళ్ళది 14.

‘మంచి గుర్తు’ అనే మాటకి బలమిచ్చింది ఇదే. ఎక్కువకాలం బతికినవాళ్ళకే ఎక్కువ సైకిళ్ళు పడతాయి, దుష్ప్రభావం బయటపడే అవకాశమూ వాళ్ళకే ఎక్కువ అన్న అభ్యంతరం న్యాయమైనదే. కానీ ఇక్కడ థైరాయిడ్ సమస్య అంత తొందరగా కనిపించింది కాబట్టి ఆ ఒక్క కారణంతో మొత్తం కొట్టిపారేయలేం. అలాగని పదిమంది లెక్క చూసి థైరాయిడ్ బాగున్నవాళ్ళు దిగులుపడాల్సిన పనీ లేదు.

ఆపించేయమనేవాళ్ళ భయం ఎక్కువగా మొదటి రిపోర్టు నుంచి పుడుతుంది. వాచిన గ్రంథిలోంచి నిలవున్న హార్మోన్ ఒక్కసారిగా రక్తంలోకి కారిపోతుంది, టీఎస్‌హెచ్ పడిపోతుంది, గుండె దడ, బరువు తగ్గడం. చాలామందిలో అది కొన్ని వారాలే. తర్వాత గ్రంథి ఖాళీ అయిపోయి టీఎస్‌హెచ్ ఎగబాకుతుంది, నీరసం, చలి. మొదటి దశలో గ్రంథి ఎక్కువ తయారుచేయడం లేదు కాబట్టి హార్మోన్ తయారీని తగ్గించే కార్బిమజోల్‌తో సాధారణంగా ఉపయోగం ఉండదు, దడ తగ్గడానికి గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ ఇస్తే చాలు. ఆ న్యూయార్క్ లెక్కలకంటే ముందే, 2016లో పెంబ్రోలిజుమాబ్ మీద జరిగిన కీనోట్-024 ట్రయల్‌లో హైపోథైరాయిడ్ (థైరాయిడ్ తక్కువ కావడం) దాదాపు 9 శాతం మందిలో కనిపించింది, అంటే ఇదేమీ కొత్త వింత కాదు.

2018లో అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఆస్కో మార్గదర్శకాలు వచ్చాయి: నాలుగు నుంచి ఆరు వారాలకోసారి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోన్) చూడాలి, థైరాయిడ్ తగ్గితే లెవోథైరాక్సిన్ అనే థైరాయిడ్ మాత్ర ఇవ్వాలి, లక్షణాలు తీవ్రంగా లేకపోతే ఇమ్యునోథెరపీ కొనసాగించవచ్చు. పరగడుపున వేసుకునే ఒక చవక మాత్రతో సరిదిద్దగల సమస్య కోసం ప్రాణాన్ని నిలబెడుతున్న మందుని భయంతో ఆపించుకోవడం నాకైతే చాలా బాధగా అనిపిస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం తొందర వద్దు. ఇదే చికిత్స అరుదుగా పిట్యూటరీని (టీఎస్‌హెచ్ తయారుచేసే, మెదడు కిందుండే గ్రంథి), అడ్రినల్‌ని (కార్టిసాల్ అనే ప్రాణాధారమైన హార్మోన్ తయారుచేసే గ్రంథి) కూడా దెబ్బతీస్తుంది. అప్పుడు టీ4 తక్కువగా ఉన్నా టీఎస్‌హెచ్ పెరగకపోవచ్చు, కార్టిసాల్ తక్కువున్న మనిషికి ముందే థైరాయిడ్ మాత్ర ఇస్తే ప్రమాదం. కాబట్టి మాత్ర మొదలుపెట్టే ముందు ఉదయంపూట కార్టిసాల్ చూశారా అని డాక్టర్‌ని అడగండి.