బొటనవేలా, చూపుడువేలా? స్లాట్ కార్ కంట్రోలర్లపై అపోహలు - వాస్తవాలు

స్లాట్ కార్ అంటే గాడి ఉన్న ట్రాక్ మీద కరెంటుతో పరుగెత్తే చిన్న రేసు కారు. దానికి స్టీరింగ్ ఉండదు. ట్రాక్ మీద ఉన్న గాడే దానికి దారి చూపిస్తుంది. మన చేతిలో ఉండేది వేగం ఒక్కటే. ఎక్కడ పెంచాలి, ఎక్కడ తగ్గించాలి, మలుపులో ఎంత ఉంచాలి అన్నదే ఈ ఆటంతా. కాబట్టి కారు ఎంచుకున్నంత శ్రద్ధగా కంట్రోలర్ కూడా ఎంచుకోవాలి. చాలా ఏళ్లుగా ఈ కార్లు నడుపుతున్నాను, పాడైన కంట్రోలర్లు విప్పి బాగుచేస్తున్నాను. కొత్తగా వచ్చినవాళ్లలో ఎక్కువమంది నన్ను అడిగే మొదటి ప్రశ్న "థంబ్ కొనాలా, ట్రిగ్గర్ కొనాలా?" అని. అంటే బొటనవేలితో నొక్కేదా, చూపుడువేలితో లాగేదా అని. ఆ ప్రశ్నతో పాటు కొన్ని అపోహలు కూడా వస్తుంటాయి.

అపోహ: థంబ్ కంట్రోలర్ పిల్లల బొమ్మ. నిజమైన రేసర్లు ట్రిగ్గరే వాడతారు.

రెండూ విప్పి పక్కపక్కన పెడితే లోపల ఉండేది ఒకటే. సన్నని తీగ చుట్టిన రెసిస్టర్ (కరెంటును అడ్డుకుని తగ్గించే భాగం), దాని మీద జారే ఒక కాంటాక్ట్, వెనక్కి తోసే స్ప్రింగ్. థంబ్‌లో బొటనవేలితో ప్లంజర్‌ను కిందికి నొక్కుతాం, ట్రిగ్గర్‌లో చూపుడువేలితో మీటను లాగుతాం. మోటార్‌కు మాత్రం ఏ వేలు నొక్కిందో తెలియదు, ఎంత కరెంటు వచ్చిందన్నదే తెలుస్తుంది.

ఈ అపోహ ఎలా పుట్టిందో ఊహించడం కష్టం కాదు. ఇంటి సెట్లతో పాటు వచ్చే చవక కంట్రోలర్లలో థంబ్ రకం చాలానే కనిపిస్తుంది. 1957లో ఇంగ్లండ్‌లో ఫ్రెడ్ ఫ్రాన్సిస్ స్కేలెక్స్‌ట్రిక్ అనే స్లాట్ కార్ల సెట్ తెచ్చినప్పుడైతే చేతిలో ఉండేది మామూలు బటనే. నొక్కితే కారు పరుగెత్తేది, వదిలితే ఆగేది. వేగాన్ని కొద్దికొద్దిగా మార్చే కంట్రోలర్లు తర్వాత వచ్చాయి. క్లబ్బులు పెరిగాక పార్మా లాంటి కంపెనీల ట్రిగ్గర్లు అక్కడ స్థిరపడ్డాయి. వాటిలో ఒక నిజమైన సౌకర్యం ఉంది. రెసిస్టర్ పైభాగాన గాలి తగిలేచోట ఉంటుంది కాబట్టి వేడి త్వరగా పోతుంది. స్క్రూలు విప్పి ఇంకో విలువ ఉన్న రెసిస్టర్ బిగించుకోవచ్చు. థంబ్‌లో ఆ తీగచుట్ట చేతిలో పట్టుకునే గొట్టంలోనే ఉంటుంది, దాన్ని మార్చడం కష్టం, వేడి నేరుగా అరచేతికి తగులుతుంది. క్లబ్బుల్లో ట్రిగ్గర్ నిలబడింది ఈ కారణాల వల్లే. బొటనవేలికి చేతకాక కాదు.

అపోహ: ట్రిగ్గర్‌తో టాప్ స్పీడ్ ఎక్కువ వస్తుంది.

పూర్తిగా నొక్కినప్పుడు కాంటాక్ట్ రెసిస్టర్‌ను దాటేసి నేరుగా కరెంటు పంపుతుంది. థంబ్ అయినా ట్రిగ్గర్ అయినా అప్పుడు పట్టాలకు (గాడికి రెండు వైపులా కారుకు కరెంటు అందించే లోహపు పట్టీలకు) అందేది పవర్ సప్లై ఇచ్చే వోల్టేజే. తేడా కనిపిస్తే కాంటాక్ట్ మురికిపట్టిందేమో, వైరు వదులైందేమో ముందు చూడండి.

అపోహ: ట్రిగ్గర్ వదిలితే కారు చటుక్కున ఆగుతుంది, థంబ్‌కు ఆ బ్రేక్ ఉండదు.

అన్నిటికన్నా ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఇదే. బ్రేక్ వేలితో వచ్చేది కాదు, మూడో వైరుతో వచ్చేది.

కరెంటు ఆగినా కారు ఊపుకు చక్రాలు తిరుగుతూనే ఉంటాయి. వాటితో పాటు మోటార్ కూడా తిరుగుతుంది. తిరుగుతున్న మోటార్ ఆ క్షణంలో చిన్న జనరేటర్ అవుతుంది, అదే కరెంటు పుట్టిస్తుంది. వేలు పూర్తిగా తీసేసినప్పుడు కంట్రోలర్ ఆ లేన్‌లోని రెండు పట్టాలను ఒకదానితో ఒకటి కలిపేస్తే, పుట్టిన కరెంటు మోటార్ గుండానే చుట్టూ తిరిగి దాన్ని ఎదిరిస్తుంది. కారు గట్టిగా బ్రేక్ వేసినట్టు ఆగుతుంది. ఇలా కలపడానికే మూడో వైరు. రెండే వైర్లున్న కంట్రోలర్‌లో వదిలినప్పుడు కరెంటు ఆగిపోతుంది, అంతే. కారు దానంతట అదే నెమ్మదించేదాకా జారుతూ పోతుంది. రెండు వైర్ల ట్రిగ్గర్లూ ఉన్నాయి, మూడు వైర్ల థంబ్‌లూ ఉన్నాయి.

మీ దగ్గరున్న దాంట్లో బ్రేక్ ఉందో లేదో తెలుసుకోవడం సులభం. కారు గైడ్‌ను (ముందువైపు గాడిలో దిగే ముక్కను) గాడిలో ఉంచి, బ్రెయిడ్లు (కరెంటు తీసుకునే తీగ జడలు) పట్టాలకు తగిలేలా చూసి, కంట్రోలర్ ముట్టకుండా, వెనక భాగాన్ని కాస్త పైకెత్తి వెనక చక్రాలను వేలితో తిప్పండి. ఆ తర్వాత కారును ట్రాక్ మీంచి తీసి మళ్లీ తిప్పండి. ట్రాక్ మీద బిగువుగా తిరిగి, తీశాక తేలిగ్గా తిరిగితే బ్రేక్ పనిచేస్తోందన్నమాట. రెండుసార్లూ ఒకేలా ఉంటే బ్రేక్ లేదు, లేదా బ్రేక్ కాంటాక్ట్ నల్లబడిపోయి ఉంటుంది. "థంబ్ నుంచి ట్రిగ్గర్‌కి మారాక బ్రేక్ పోయింది" అని ఒకరు నా దగ్గరికి తెచ్చిన ట్రిగ్గర్‌లో ఆ కాంటాక్ట్‌ను స్పిరిట్‌తో తుడిచాను, అంతే. అంతకుముందు వారమంతా ఆయన తన డ్రైవింగ్ చెడిపోయిందని టెన్షన్ పడ్డారు.

అపోహ: మంచి కంట్రోలర్ అయితే ఏ కారుకైనా సరిపోతుంది.

ఎలక్ట్రానిక్ కాని కంట్రోలర్ల విషయంలో ఇది పూర్తిగా తప్పు. థంబ్, ట్రిగ్గర్ అని వాదించుకునేవాళ్లు అసలు చూడాల్సింది ఓమ్‌లు, అంటే రెసిస్టర్ కరెంటును ఎంత అడ్డుకుంటుందన్న కొలత.

12 వోల్టుల ట్రాక్ మీద 45 ఓమ్‌ల రెసిస్టర్ ఉందనుకోండి. నొక్కడం మొదలుపెట్టినప్పుడు మోటార్‌కు అందేది మహా అయితే పావు ఆంపియరే. ఒక మామూలు 1/32 కారు (అసలు కారులో 32వ వంతు సైజుది) మోటార్ ఆ కాస్త కరెంటుతో మెల్లగా కదులుతుంది. అదే కంట్రోలర్‌ను ఎక్కువ కరెంటు లాగే మోటార్‌కు తగిలిస్తే, సగం దాకా నొక్కినా కారు కదలదు. తర్వాత ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. రెసిస్టర్ కాలిపోయేంత వేడెక్కుతుంది. దీనికి తలకిందులుగా, తక్కువ కరెంటుతో నడిచే హెచ్‌ఓ అనే ఇంకా చిన్న సైజు కారుకు అది తక్కువ ఓమ్‌లే. వేలు తగలగానే దాదాపు పూర్తి వేగం అందుకుంటుంది.

మోటే అయినా పనికొచ్చే లెక్క ఇది. 1/32 కార్లకు 25 నుంచి 45 ఓమ్‌లు, హెచ్‌ఓ కార్లకు 60 నుంచి 90. పెద్ద ట్రాక్‌ల మీద పరుగెత్తే 1/24 వింగ్ కార్లకు ఒక్క అంకెలో ఉండే ఓమ్‌లు. ఇంకొక మెలిక కూడా ఉంది. కారు కింద అయస్కాంతం ఉంటే అది పట్టాలను పట్టుకుని లాగుతుంది, మోటార్ మీద భారం పెరిగి ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. ఆ అయస్కాంతం తీసేస్తే, నిన్నటిదాకా చక్కగా నడిచిన కంట్రోలరే ఇవాళ దూకుడుగా అనిపిస్తుంది. అప్పుడు మార్చాల్సింది వేలిని కాదు, ఓమ్‌లను.

థంబ్ అంటే విసుగొచ్చి ట్రిగ్గర్‌కి మారినవాళ్లు చాలామంది నిజానికి మార్చింది రెసిస్టర్‌ను. మెరుగుదలంతా అక్కడే వచ్చింది. పేరు మాత్రం ట్రిగ్గర్‌కి దక్కింది.

అపోహ: ఎలక్ట్రానిక్ కంట్రోలర్ కొంటే ల్యాప్ టైమ్ దానంతట అదే తగ్గుతుంది.

తగ్గదు. అది చేసే మేలు వేరు. ట్రాన్సిస్టర్ ఉండటం వల్ల ఓమ్‌ల బెడద తప్పుతుంది, సెన్సిటివిటీని, బ్రేక్ బలాన్ని నాబ్‌తో మార్చుకోవచ్చు. ఒకే రోజు మూడు నాలుగు రకాల కార్లు నడిపేవాళ్లకు నేను గట్టిగా సిఫారసు చేస్తాను. ఒక్క జాగ్రత్త: మామూలు రెసిస్టర్ కంట్రోలర్‌కు ప్లస్, మైనస్ తేడా లేదు, ఎలక్ట్రానిక్ వాటికి చాలావరకు ఉంది. కొత్త ట్రాక్‌కు వెళ్తే అక్కడి వైరింగ్ అడిగి తెలుసుకున్నాకే తగిలించండి.

అపోహ: డిజిటల్ ట్రాక్‌కు కూడా ఇవే లెక్కలు.

కావు. డిజిటల్‌లో, అంటే ఒకే లేన్‌లో పలు కార్లు నడుపుతూ లేన్ మార్చగలిగే ట్రాక్‌లో, పట్టాలకు కరెంటు ఎప్పుడూ ఉంటుంది. కారులోని చిప్ సంకేతాన్ని చదివి మోటార్‌ను నడుపుతుంది, కంట్రోలర్ పంపేది ఆ సంకేతం మాత్రమే. కాబట్టి ఓమ్‌ల గొడవ లేదు, ఆ సిస్టమ్‌కు చేసిన కంట్రోలరే వాడాలి. కారెరా కంపెనీ వైర్‌లెస్ కంట్రోలర్ బొటనవేలితో నొక్కేదే, స్కేలెక్స్‌ట్రిక్ డిజిటల్ సెట్ ఆర్క్ ప్రోతో వచ్చేది ట్రిగ్గర్. ఇక్కడ చూడాల్సింది లేన్ మార్చే బటన్. దాన్ని నొక్కేటప్పుడు వేగం చూసే వేలు కదిలిపోతోందా? కదిలితే ఆ కంట్రోలర్ మీ చేతికి సరిపడదు.

అపోహ: ఏ వేలైనా అలవాటైపోతుంది, చేతి తీరుతో పనిలేదు.

చేతితోనే పని. తొమ్మిదేళ్ల అబ్బాయి ఒకడు ట్రిగ్గర్ పట్టుకుంటే చూపుడువేలు చివరిదాకా అందేది కాదు. నిటారు దారిలో కూడా పూర్తిగా నొక్కలేకపోయేవాడు. థంబ్ ఇస్తే అరగంటలో మలుపుల్లో వేగం పట్టి ఉంచడం నేర్చుకున్నాడు. బొటనవేలి మొదలు కీలు నొప్పితో బాధపడే ఒక పెద్దాయనకు థంబ్ ప్లంజర్ నరకమే అయింది. ట్రిగ్గర్‌కి మారాక రేసు మొత్తం హాయిగా నడపగలుగుతున్నారు. స్ప్రింగ్ గట్టిగా ఉంటే పట్టు బాగుంటుందని కూడా అంటారు, నేను ఒప్పుకోను. గట్టి స్ప్రింగ్‌తో వేలు అలసిపోతుంది. మలుపు మధ్యలో వేగాన్ని కొంచెమే తగ్గించాల్సినచోట వేలు పూర్తిగా వదిలేస్తుంది. వదిలిన వెంటనే వెనక్కి వచ్చేంత బలం ఉంటే స్ప్రింగ్‌కు చాలు.

రెండు రకాలూ ప్రయత్నించే వీలుంటే ఒకే కారు, ఒకే లేన్, ఒకే విలువ ఉన్న రెసిస్టర్, రెండింటికీ మూడేసి వైర్లు ఉండేలా చూసుకోండి. మొదటి సాయంత్రం లెక్కలోకి తీసుకోకండి, ఎందుకంటే అలవాటైన వేలే గెలుస్తుంది. మూడో సాయంత్రం ఒక్కోదానితో 20 ల్యాప్‌లు నడిపి, అన్నిటికన్నా వేగంగా వచ్చిన ల్యాప్‌ను పక్కన పెట్టి, కారు ఎన్నిసార్లు గాడి తప్పిందో లెక్కపెట్టండి. తక్కువసార్లు తప్పిన కంట్రోలరే మీది.