పని ఉంది, పడుకునే చోటే లేదు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఇల్లు లేనివాళ్ళ కోసం నడిచే ఒక షెల్టర్‌లో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. రాత్రి పది దాటాక మా గేటు దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువగా అడిగే మొదటి మాట, "అన్నా, పొద్దున ఐదింటికి బయటికి పోనిస్తరా?" అని. అన్నం సంగతి, దుప్పటి సంగతి ఆ తర్వాత, ముందు పొద్దున్నే పనికి అందుకోవాలి. అందుకే ఇది రాస్తున్నాను, రూమ్ పోయే పరిస్థితిలో ఉన్నవాళ్ళ కోసం, వాళ్ళకి సలహాలు ఇచ్చే చుట్టాలు, స్నేహితుల కోసం కూడా.

అపోహ: పని చేసుకునే మనిషైతే రోడ్డు మీద ఎందుకు పడుకుంటాడు?

పని పోకూడదనే పడుకుంటాడు. సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల ఫుట్‌పాత్‌ల మీద ఉన్నవాళ్ళతో ఒకసారి మాట్లాడి చూడండి. పెళ్ళిళ్ళలో క్యాటరింగ్‌కి వెళ్ళి వడ్డించి, గిన్నెలు కడిగి ఒంటిగంటకి తిరిగొచ్చినవాళ్ళు, హమాలీలు, హోటళ్ళలో టేబుళ్ళు తుడిచేవాళ్ళు అక్కడే కనిపిస్తారు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్ళు 17.7 లక్షల మంది, అందులో పట్టణాల్లోనే 9.38 లక్షల మంది. వాళ్ళని లెక్కపెట్టింది ఒక్క రాత్రి, ఫిబ్రవరి 28న. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళలో చాలామంది ఆ లెక్కలోకి వచ్చి ఉండరని నా అనుమానం.

అపోహ: ఊరి చివరైనా ఫరవాలేదు, తల దాచుకునే చోటు దొరికితే చాలు

మంచి మనసుతో చెప్పే మాటే, కానీ అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. వనపర్తి వైపు నుంచి వచ్చిన ఒక సెంట్రింగ్ కూలీ ఉండేవాడు, రూమ్ పోయాక చుట్టం ఒకాయన ఘట్‌కేసర్ అవతల తన ఖాళీ గదిలో డబ్బులు తీసుకోకుండా ఉండమన్నాడు. ఇతనికి తెలిసిన మేస్త్రీలంతా కూకట్‌పల్లి అడ్డాకి వస్తారు. అడ్డాలో పొద్దున్నే నిలబడాలి, తొమ్మిది దాటితే ఆ రోజు కూలి పోయినట్టే. రెండు బస్సులు మారి వెళ్ళేసరికి మేస్త్రీలు మనుషుల్ని ఎక్కించుకుని వెళ్ళిపోయేవాళ్ళు. పది రోజుల్లో మూడు రోజులే పని దొరికింది, ఉన్న కాస్త డబ్బూ బస్సులకీ టీలకీ అయిపోయింది. ఊరికే వచ్చిన గది అతనికి అద్దె రూమ్ కంటే ఎక్కువ ఖర్చయింది.

నేను అందరికీ చెప్పేది ఒకటే: ముందు పని ఎక్కడో గట్టిగా అనుకోండి, అక్కడి నుంచి అరగంట నడకలో ఏముందో వెతకండి, గది దొరక్కపోతే హాస్టల్లో బెడ్ తీసుకోండి, బెడ్డుకీ డబ్బు లేకపోతే షెల్టర్ అడగండి. ఆడవాళ్ళకి 2023 డిసెంబర్ నుంచి తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక కొంచెం దూరమైనా చూసుకోగలుగుతున్నారు, అది నిజంగా పెద్ద మార్పు. అయినా ఐదున్నర షిఫ్టుకి హౌస్‌కీపింగ్‌కి వెళ్ళాల్సినవాళ్ళు ఆ టైంకి ఆ రూట్లో బస్సు ఉందో లేదో చూసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వాలి.

షెల్టర్లు కూడా రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, మార్కెట్ల దగ్గర, పనికి దగ్గరగా ఉండాలని 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాల్లోనే ఉంది. అంతకుముందే, 2010లో, పెద్ద నగరాల్లో లక్ష జనాభాకి ఒకటి చొప్పున 24 గంటలూ నడిచే షెల్టర్ ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. స్థలం ఎక్కడ ఖాళీగా ఉంటే అక్కడ కట్టేసి, మనుషులు రావట్లేదని అనడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

అపోహ: ఖాళీ చేసే రోజు వచ్చాక చూసుకుందాం

పని పోతుంది, అద్దె కట్టలేరు, ఓనర్ మంచివాడైతే "అడ్వాన్సులో పట్టుకుంటాలే" అంటాడు. ఆ మాటతో టెన్షన్ తగ్గుతుంది, రెండు నెలలు గడిచిపోతాయి. బయటికొచ్చే రోజుకి అడ్వాన్స్ సున్నా. కొత్త రూముకి మళ్ళీ రెండు నెలల అడ్వాన్స్ కావాలి, అది ఎక్కడి నుంచి వస్తుంది? మా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో సగం కథ ఇదే.

ఒక నెల అద్దె కట్టలేమని తెలిసిన రోజే ఓనర్‌తో మాట్లాడి, మిగిలిన అడ్వాన్స్ వెనక్కి తీసుకుని బయటపడటం మేలు. ఒంటరివాళ్ళైతే అమీర్‌పేట, ఎస్సార్ నగర్ లాంటి చోట్ల హాస్టల్లో షేరింగ్ బెడ్ చూసుకోవచ్చు, తిండి కూడా అందులోనే వస్తుంది, అడ్వాన్స్ రూముకంటే చాలా తక్కువ. అడిగితే రోజువారీగా కూడా కొందరు ఇస్తారు. సిగ్గుపడి ఆగకండి.

అపోహ: పనిచేసే చోటే పడుకోనిస్తే అంతకంటే ఏం కావాలి?

దగ్గర అనేది మంచిదే అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. హోటల్ మిద్దె మీద పడుకునే కుర్రాడికి, మెట్ల కింద గదిలో ఉండే వాచ్‌మన్ కుటుంబానికి పని పోయిన రోజే పడకా పోతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఇది అందరికీ కనిపించింది. హోటళ్ళు మూతపడ్డాయి, హాస్టళ్ళు ఖాళీ చేయమన్నాయి, ఊరికి వెళ్ళడానికి పాసుల కోసం పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరారు. అలాంటి చోట ఉంటే ఉండండి, కానీ మిగిలే అద్దె డబ్బుని మొదటి నెల నుంచే విడిగా పెట్టుకోండి.

భవన నిర్మాణం పనివాళ్ళ సంగతి వేరు. సైటులోనో, వీలైనంత దగ్గరలోనో ఉచితంగా తాత్కాలిక వసతి ఇవ్వాల్సింది యజమానే అని 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం 34వ సెక్షన్‌లో ఉండేది, 2025 నవంబర్‌లో ఆ చట్టం స్థానంలో కొత్త లేబర్ కోడ్ వచ్చింది. అయినా రేకుల షెడ్డుకి కూలిలోంచి అద్దె కోస్తే అడగండి, నలుగురూ కలిసి అడగండి.

అపోహ: ఆధార్ లేకపోతే ఎక్కడా రానివ్వరు, అడ్రస్ లేకపోతే ఏ కార్డూ రాదు

కార్డు లేదని రాత్రిపూట మనిషిని వెనక్కి పంపడం మా పని కాదు. వచ్చాక కార్డు మేమే చేయిస్తాం. గుర్తింపు ఉన్న షెల్టర్ బాధ్యుడు ఇచ్చే సర్టిఫికెట్‌ని ఆధార్‌కి ఆధారంగా తీసుకుంటారు. ఓటుకైతే ఓటరు నమోదు ఫారం 6లో పడుకునే చోటు రాస్తే చాలు, బూత్ అధికారి రాత్రిపూట, అదీ ఒకటి కంటే ఎక్కువ రాత్రులు వచ్చి చూసి నమోదు చేయాలి, వేరే అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు. ఏ పత్రమూ లేకపోయినా ఫోటో, సంతకం లేదా వేలిముద్రతో బ్యాంకులో చిన్న ఖాతా తెరవచ్చు, అందులో 50,000 వరకే ఉంచుకోవచ్చు. రేషన్ కార్డు సొంతూరిదైనా బియ్యం ఇక్కడి షాపులో తీసుకోవచ్చు.

అపోహ: ఓనర్ తాళం వేసేస్తే చేసేదేమీ లేదు

ఉంది. బాకీ ఉన్నా సరే, కోర్టు ద్వారా కాకుండా బలవంతంగా బయటికి నెడితే 6 నెలల్లోగా దావా వేసి మళ్ళీ లోపలికి వెళ్ళే హక్కు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఇస్తుంది. లాయర్ ఫీజుకి భయపడకండి, 15100కి ఫోన్ చేస్తే న్యాయ సేవల సంస్థ వాళ్ళు చెబుతారు. ఆడవాళ్ళకీ, ఎస్సీ, ఎస్టీలకీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితం.

అపోహ: ఆడవాళ్ళకి షెల్టర్లు ఉండవు

మగవాళ్ళవాటి కంటే తక్కువ, అది ఒప్పుకోవాలి, కానీ ఉన్నాయి. ఇంట్లో కొట్టడం వల్ల బయటికొచ్చినవాళ్ళు మహిళల హెల్ప్‌లైన్ 181కి చేయండి, హింస నుంచి బయటపడ్డ ఆడవాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన సఖి కేంద్రంలో 5 రోజుల వరకు ఉండనిస్తారు. ఆ 5 రోజుల్లోనే ఉద్యోగం చేసే మహిళల ప్రభుత్వ హాస్టల్ గురించి అడగండి. అక్కడ అద్దె జీతాన్ని బట్టి ఉంటుంది, డార్మిటరీకి జీతంలో 7.5 శాతం దాటకూడదు, ఇద్దరుండే గదికి 10 శాతం దాటకూడదు. పిల్లలు ఉన్నారని ముందే చెప్పండి, దాచకండి. ఏ షెల్టర్‌కి ఫోన్ చేసినా మూడు విషయాలు అడిగి తెలుసుకోండి: గేటు ఎన్నింటికి తీస్తారు, సామాన్లు పెట్టుకోవడానికి తాళం ఉన్న పెట్టె ఉందా, నైట్ డ్యూటీ చేసి వస్తే పగలు పడుకోనిస్తారా.