రంగం ఓడ, అమ్మాన్ బస్సు

గల్ఫ్‌లో ఎక్కడ బాంబు పడినా ఆ రాత్రి రాజోలు, మలికిపురం, పాలకొల్లు, నరసాపురం వైపు చాలా ఇళ్లలో నిద్ర ఉండదు. ఫోను కలవగానే ముందు అడిగేది "పాస్‌పోర్టు నీ దగ్గరుందా, సేఠు దగ్గరుందా?" అని. సేఠు అంటే అక్కడి యజమాని. యుద్ధం ఎంత దూరంలో ఉందన్నది ఆ తర్వాతి సంగతి.

టీవీ చూసి పుట్టిన టెన్షన్ కాదిది. గోదావరి డెల్టా నుంచి పరాయి దేశం వెళ్లి, అక్కడి గొడవల్లో ఇల్లూ సామానూ వదిలేసి వచ్చిన కుటుంబాలు ఇక్కడ ప్రతి తరంలోనూ ఉన్నాయి. రంగం (బర్మాలోని రంగూన్) నుంచి రెండుసార్లు, కువైట్ నుంచి ఒకసారి అది పెద్ద ఎత్తున జరిగింది. ప్రాణభయం అందరికీ ఒకటే. దారి మాత్రం కాగితం చేతిలో ఉన్నవాళ్లకే ముందు దొరికింది.

మొదటి కథ 1852లో మొదలవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది ఆ ఏడాదే, ఇంగ్లీషువాళ్లు దిగువ బర్మాను కలుపుకున్నదీ ఆ ఏడాదే. కాటన్ దొర కాలవలతో ఇక్కడ పొలాలు పచ్చబడ్డాయి గానీ, పొలం లేనివాడికి కూలి కూలిగానే మిగిలింది. అటు ఐరావతి డెల్టాలో అడవి నరికి వరి వేస్తున్నారు. రంగూన్‌లో బియ్యం మిల్లులు లేస్తున్నాయి. బస్తాలు మోయడానికి మనుషులు కావాలి. కూలీలను పోగుచేసే మేస్త్రీలు ఊళ్లలోకి వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టి, కాకినాడ రేవులో స్టీమరు ఎక్కించేవారు. టికెట్టు డెక్కుకి. ఎండయినా వానయినా అక్కడే.

మనవాళ్ల నోట్లో రంగూన్ "రంగం" అయింది. బర్మావాళ్ల నోట్లో తెలుగువాళ్లు "కోరంగీ"లయ్యారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు 1839 తుపానుకి దెబ్బతిని మళ్లీ లేవలేదు గానీ, దాని పేరు మాత్రం సముద్రం అవతల చులకన మాటగా బతికింది. డెల్టాలో పాత మండువా లోగిళ్ల స్తంభాలు చూపించి "బర్మా టేకు" అని గొప్పగా చెప్పుకుంటాం. ఆ టేకు దుంగలు మోసినవాళ్ల గురించి అంత గొప్పగా చెప్పుకునే ఇల్లు మాత్రం నాకు ఇంతవరకు కనపడలేదు.

1931 జనాభా లెక్కలనాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. దుకాణం వాళ్లది, వడ్డీ వ్యాపారం వాళ్లది, రేవులో కూలీ వాళ్లదీ అయితే ఆ దేశపు మనిషికి కడుపు మండకుండా ఉంటుందా? 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మావాళ్లను పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తీరాక వాళ్లను పొమ్మన్నాయి. అక్కడ మొదలైన కొట్లాటలో వందమందికి పైగా పోయారు, వాళ్లలో ఎక్కువమంది తెలుగు కూలీలు. ఇద్దరు పేదవాళ్ల మధ్య నిప్పు పెట్టి లాభం తీసుకున్నవాళ్లకు చిన్న గీత కూడా పడలేదు. 1937లో బర్మాను ఇండియా నుంచి విడదీశారు, 1938లో మళ్లీ అల్లర్లు.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. జనం రేవుకి పరిగెత్తారు. అప్పుడు ప్రభుత్వం చేసిన పని గుర్తుపెట్టుకోవాల్సింది: డెక్కు టికెట్టు మీద వెళ్లే భారతీయ మగవాళ్లను కొన్ని వారాలపాటు ఓడ ఎక్కనివ్వలేదు. వాళ్లు వెళ్లిపోతే రేవులో పని ఆగిపోతుందని! క్యాబిన్ టికెట్టు కొనగలిగినవాళ్లు వెళ్లారు. మిగిలినవాళ్లు నడిచారు. కొందరు టౌంగప్ కనుమ దాటి బర్మా పడమటి వైపు ఆరకాన్ తీరానికి, కొందరు తమూ మీదుగా మణిపూర్‌కి. అడవి దారుల్లో కూడా తెల్లవాళ్లకు ఒక దారి, నల్లవాళ్లకు ఒక దారి అనే తేడా ఉండేదని చరిత్రకారులు రాశారు. కలరా, మలేరియా, ఆకలి. బర్మా వదిలిన భారతీయులు దాదాపు ఐదు లక్షలమంది. దారిలో పోయినవాళ్లు వేలల్లో.

ఆ నడక ఇంకా సాగుతుండగానే, 1942 ఏప్రిల్ 6న కాకినాడ, విశాఖపట్నాల మీద కూడా జపాన్ బాంబులు పడ్డాయి. ముందే ఓడ దొరికి రంగం నుంచి ఇంటికి చేరినవాడు సొంత ఊరి రేవు దగ్గర మళ్లీ అదే చప్పుడు విన్నాడు.

యుద్ధం ముగిశాక వెనక్కి వెళ్లినవాళ్లున్నారు, అసలు కదలకుండా అక్కడే ఉన్నవాళ్లూ ఉన్నారు. 1962లో జనరల్ నెవిన్ అధికారం చేజిక్కించుకున్నాడు. 1964లో దుకాణాలు జాతీయం చేశాడు, మే నెలలో యాభై, వంద చాట్ల నోట్లు రద్దు చేశాడు. ఈసారి బాంబుల్లేవు, కస్టమ్స్ టేబులు ఉంది. పరిమితి దాటిన నగదూ నగలూ అక్కడే ఉంచుకున్నారు. ఆ తర్వాతి ఏళ్లలో లక్షన్నరకు పైగా భారతీయులు తిరిగొచ్చారు. పత్రికలు వాళ్లకు "బర్మా కాందిశీకులు" అని పేరు పెట్టాయి. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు ఆ పేరుతోనే ఇప్పటికీ ఉంది.

ఓడలు ఆగిపోయిన పదేళ్లకు విమానాలు మొదలయ్యాయి. చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాలకు పనివాళ్లు కావాల్సి వచ్చారు. డెల్టాలో భూమి ఉన్న ఇళ్ల పిల్లలు చదువుకుని అమెరికా దారి పట్టారు. లేని ఇళ్లనుంచి మగవాళ్లు డ్రైవర్లుగా, మెకానిక్కులుగా వెళ్లారు. ఆడవాళ్లు ఖద్దామా వీసా మీద ఇంటిపనికి వెళ్లారు. మేస్త్రీ ప్యాంటు తొడుక్కుని ఏజెంటయ్యాడు.

మా పెద్దమ్మ కుటుంబం 1990లో కువైట్‌లో ఉంది. పెదనాన్న గ్యారేజీలో మెకానిక్కు, పిల్లలిద్దరూ బడికి వెళ్తున్నారు. ఆగస్టు 2న తెల్లవారేసరికి వీధిలో ఇరాక్ ట్యాంకులు. గ్యారేజీ మేనేజరు పాలస్తీనా మనిషి. మూడో వారంలో ఆయన ఆఫీసు బీరువా తాళం పగలగొట్టి అందరి పాస్‌పోర్టులూ పంచాడు. "ఆ తాళం పగలకపోతే మేం లేం" అని పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది. బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకి బస్సు, అక్కడ ఎడారిలో గుడారం, రొట్టె కోసం లైను, నీళ్ల కోసం ఇంకో లైను, చివరికి అమ్మాన్. అక్కడి నుంచి బొంబాయికి ఎయిరిండియా విమానం. కువైట్ దినార్లు కొన్ని చంటివాడి జుబ్బాలో కుట్టి తెచ్చింది. అవి ఇక్కడ చూపిస్తే ఎవరూ ముట్టుకోలేదట.

ఆ ఆగస్టు, అక్టోబరు మధ్య 488 విమానాల్లో లక్షా పదివేలకు పైగా మనుషులను తెచ్చారు. నిజంగా గొప్ప పనే. కాకపోతే ఆ లెక్క అమ్మాన్ దాకా రాగలిగినవాళ్లది. మా పెద్దమ్మ వాళ్ల ఊరి మనిషే ఒకామె అదే కువైట్‌లో ఇంటిపనిలో ఉండేది. సేఠు కుటుంబం రాత్రికి రాత్రి సౌదీకి దాటిపోయింది, ఆమె పాస్‌పోర్టు వాళ్ల సంచీలో వెళ్లిపోయింది. ఖాళీ ఇంట్లో బియ్యం, డబ్బా పాలతో వారాలు గడిపి, పాస్‌పోర్టు బదులు ఇచ్చే, ఫొటో అంటించిన ఎమర్జెన్సీ సర్టిఫికెట్టు మీద ఆలస్యంగా వచ్చింది.

తర్వాత ఐక్యరాజ్యసమితి ఒక పరిహార కమిషన్ పెట్టింది. కువైట్ వదలాల్సి వచ్చిన మనిషికి 2,500 లేదా 4,000 డాలర్లు, కుటుంబానికి 5,000 లేదా 8,000. పెదనాన్న పాస్‌పోర్టులో ముద్రలన్నీ ఉన్నాయి కాబట్టి ఏళ్ల తర్వాతైనా వచ్చింది. ఇంటిపనిలో ఉన్న ఆ ఊరి ఆమెకు దరఖాస్తు పెట్టాలని కూడా ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత 2011లో లిబియా, 2015లో యెమెన్, 2022లో ఉక్రెయిన్, 2023లో సూడాన్. ప్రభుత్వానికి చెయ్యి తిరిగింది, ఓడలూ విమానాలూ వెంటనే కదులుతున్నాయి. ఉక్రెయిన్ నుంచి వచ్చిన మెడిసిన్ పిల్లలకు పాస్‌పోర్టు ఎప్పుడూ సొంత బ్యాగులోనే ఉంది. ఇంటిపని మనుషుల సంగతి వేరు. 1983 వలస చట్టం కింద, పదో తరగతి కూడా లేనివాళ్లు గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే అనుమతి కావాలి. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలనే షరతు తర్వాత వచ్చింది. వాళ్ల మంచికే పెట్టారు. ఏజెంట్లు దానికి విజిట్ వీసా దారి కనిపెట్టారు. అలా వెళ్లిన మనిషి పేరు మన లెక్కల్లో పనిమనిషిగా ఉండదు, కాబట్టి గొడవ వచ్చినప్పుడు వెతికే జాబితాలోనూ ఉండదు.

ఖతర్ 2018లో చాలామందికి, 2020లో ఇంటిపని వాళ్లకు ఎగ్జిట్ పర్మిట్ తీసేసింది. కువైట్ 2025 జులై 1 నుంచి ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే విదేశీయులకు కొత్తగా పెట్టింది. దేశం దాటాలంటే యజమాని ఆమోదం ఉండాలి, అదీ ఫోన్లో, యాప్ ద్వారా. ఇంటిపని వాళ్లు ఈ నిబంధనలోకి రారు.

పాస్‌పోర్టు పోయిన ఆ ఊరి ఆమె కూతురు ఇప్పుడు కువైట్‌లోనే ఉంది. తన పాస్‌పోర్టు మొదటి పేజీ, ఆఖరి పేజీ, అకామా (నివాస అనుమతి) కార్డు ఫొటోలు తీసి ఇంట్లోవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అసలుది సేఠు బీరువాలో ఉంది.