పరుగు ఆపాక పడ్డారా, పరుగులోనే పడ్డారా? వ్యాయామంలో స్పృహ తప్పడంపై అపోహలు - వాస్తవాలు

"ఎక్సర్‌సైజ్ చేస్తే కళ్లు తిరిగి పడిపోయాను సార్" అంటూ నా ఓపీకి రకరకాల వాళ్లు వస్తుంటారు. కేబీఆర్ పార్కులో నడిచే రిటైర్డ్ ఉద్యోగులు, మాదాపూర్ జిమ్‌లకు వెళ్లే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, కానిస్టేబుల్ సెలక్షన్ల కోసం తెల్లవారకముందే గ్రౌండుకి చేరి 1600 మీటర్లు, 800 మీటర్లు ప్రాక్టీసు చేసే పిల్లలు. చాలామంది చేతిలో అప్పటికే మెదడు స్కాన్ ఫిల్ము, బారెడు రక్తపరీక్షల రిపోర్టు ఉంటాయి. గుండె డాక్టరుగా నేను మొదట అడిగే ప్రశ్నకు మాత్రం వాటిలో జవాబు దొరకదు. కాళ్లు ఆడుతుండగానే పడిపోయారా, ఆపి నిలబడ్డాక పడిపోయారా?

ఈ తేడా తెలియకపోవడం వల్ల భయపడనక్కర్లేనివాళ్లు నెలల తరబడి టెన్షన్ పడుతున్నారు. వెంటనే రావాల్సినవాళ్లేమో గ్లూకోజ్ నీళ్లు తాగి మర్నాడు మళ్లీ పరుగుకి వెళ్తున్నారు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ రెండోదే.

అపోహ: పడిపోయాడంటే నీరసమే, ఒక సెలైన్ ఎక్కిస్తే సరిపోతుంది

ఆపాక పడిపోయినవాళ్లలో అసలు ఏం జరుగుతుందో చెప్తాను. ఊరికే కూర్చున్నప్పుడు మన గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం పంపు చేస్తుంది. గట్టిగా పరుగెత్తేటప్పుడు అది 20 లీటర్లకు చేరుతుంది, అందులో 80 శాతం దాకా కండరాలకే పోతుంది. అంత రక్తం పట్టడానికి కాళ్లలో రక్తనాళాలు బాగా విచ్చుకుంటాయి. కిందికి వెళ్లిన రక్తం పైకి రావాలంటే పిక్కలు పనిచేయాలి. అడుగు వేసిన ప్రతిసారీ పిక్క కండరం సిరలను పిండుతుంది, రక్తం గుండె వైపు ఎగబాకుతుంది. పిక్కలను రెండో గుండె అనడం అందుకే.

ఇప్పుడు ఒక్కసారిగా ఆగి నిలబడ్డారనుకోండి. పిండడం ఆగిపోయింది, నాళాలు మాత్రం ఇంకా విచ్చుకునే ఉన్నాయి. రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది, గుండెకు వచ్చేది తగ్గుతుంది, బీపీ జారిపోతుంది. మెదడుకు 6 నుంచి 10 సెకన్లు రక్తం అందకపోతే చాలు, మనిషి కుప్పకూలతాడు. నేల మీద పడుకోగానే కాళ్లూ గుండే ఒకే ఎత్తుకి వస్తాయి, రక్తం తిరిగి చేరుతుంది, చాలావరకు నిమిషంలోపే కళ్లు తెరుస్తాడు. కాబట్టి అసలు వైద్యం వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టుకోవడమే. సెలైన్ బాటిల్ వచ్చేసరికే మనిషి తేరుకుని ఉంటాడు, ఆ క్రెడిట్ మాత్రం బాటిల్‌కి పోతుంది. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో కూడా గీత దాటగానే నిలబడిపోవద్దని, నడుస్తూ ఉండమని రన్నర్లకు చెప్పేది ఇందుకే.

ఇలా పడిపోవడానికి తోడయ్యేవి కొన్ని ఉన్నాయి. ఉక్కపోత, ముందు రోజు తాగిన మందు, నిద్రలేమి, జ్వరం నుంచి అప్పుడే కోలుకోవడం, పరుగు ఆపీ ఆపగానే వేడినీళ్ల స్నానం. యాభై దాటినవాళ్లలో బీపీ మాత్రలు, ఒంట్లో నీరు తీసేసే మాత్రలు, ప్రొస్టేట్ కోసం వాడే ట్యామ్సులోసిన్ లాంటివి. మీరు వాడే మందుల చీటీ తప్పకుండా తీసుకురమ్మనేది అందుకే. జిమ్‌లో ఊపిరి బిగబట్టి డెడ్‌లిఫ్ట్ చేసి, బరువు కింద పెట్టగానే కళ్లు బైర్లు కమ్మడం కూడా బీపీ ఒక్కసారిగా ఎక్కి దిగడం వల్లే. బరువు లేపేటప్పుడు ఊపిరి వదలడం నేర్చుకుంటే చాలామందికి అది ఆగిపోతుంది.

అపోహ: చేతులు కాళ్లు కొట్టుకున్నాయి కాబట్టి ఫిట్సే

ముప్ఫై దాటిన ఒకతను ఫిట్స్ మాత్రలు వాడుతూ నా దగ్గరికి వచ్చాడు. జిమ్‌లో పడిపోయాడు, చేతులు కొట్టుకున్నాయి, ఎవరో చేతిలో తాళాల గుత్తి పెట్టారు, ఒక చోట చూపిస్తే మాత్రలు రాశారు. జిమ్ సీసీటీవీ క్లిప్పు ఫోన్‌లో ఉందంటే చూపించమన్నాను. ట్రెడ్‌మిల్ స్టాప్ నొక్కాడు. దిగలేదు, అక్కడే నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. ఒకసారి ఆవులించాడు. టవల్‌తో నుదురు తుడుచుకున్నాడు. రెయిలింగ్ పట్టుకోబోయి మెల్లగా జారిపోయాడు. ఇద్దరు ట్రైనర్లు పరుగున వచ్చి, పాపం మంచి ఉద్దేశంతోనే, చంకల కింద చేతులేసి లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. చేతులు కొట్టుకోవడం మొదలైంది అప్పుడే. తల పైనే ఉంచడంతో మెదడుకు రక్తం చేరలేదు, అందుకే ఆ కుదుపులు.

మామూలుగా స్పృహ తప్పినా కొన్ని సెకన్లు కుదుపులు రావచ్చు. ఫిట్స్ అయితే తరచూ నాలుక పక్క భాగం తెగుతుంది, కుదుపులు నిమిషం పైగా సాగుతాయి, లేచాక చాలాసేపు ఎక్కడున్నాడో తెలియని అయోమయం ఉంటుంది. స్పృహ తప్పి లేచినవాడు వెంటనే మనుషుల్ని గుర్తుపడతాడు. ప్యాంటు తడిసిందా లేదా అన్నదాన్ని బట్టి ఏదీ తేల్చలేం, రెండింట్లోనూ జరుగుతుంది. ఇక తాళాలు, ఉల్లిపాయ, చెప్పు వాసన... ఇవేవీ పనిచేయవు. చాలావరకు కుదుపులు వాటంతట అవే ఆగుతాయి, ఆ సమయానికి చేతిలో ఏది ఉంటే దానికి పేరొస్తుంది.

ఇతని కథ, మందుల వివరాలు, ఈసీజీ, ఎకో అన్నీ సరిపోలాక న్యూరాలజిస్టుతో మాట్లాడి మాత్రలు మెల్లగా ఆపించాం. దయచేసి ఎవరూ సొంతంగా ఫిట్స్ మందు ఆపకండి.

అపోహ: లేచి కూర్చున్నాడు, బాగానే మాట్లాడుతున్నాడు, ఇక డాక్టరెందుకు?

ఇది ప్రాణం తీసే అపోహ. పరుగు మధ్యలో, ఆట మధ్యలో, ఈత మధ్యలో స్పృహ తప్పితే, మరో రకంగా రుజువయ్యేదాకా అది గుండె సమస్యే అని మేం అనుకుంటాం. కాళ్లు ఆడుతున్నాయి, పిక్కలు పిండుతున్నాయి, రక్తం పైకి వస్తోంది. అయినా మెదడుకు అందలేదంటే గుండె సరిగా కొట్టుకోలేదేమో, లేదా రక్తం బయటికి వెళ్లే దారిలో అడ్డు ఉందేమో చూడాలి. రెండు నిమిషాల్లో లేచి నవ్వుతూ మాట్లాడినంత మాత్రాన ఏమీ లేదని కాదు. తప్పిన లయ దానంతట అది సర్దుకుంది, అంతే. ఇంకోసారి సర్దుకుంటుందన్న గ్యారంటీ లేదు.

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు హ్యాంక్ గాథర్స్ 1989 డిసెంబరులో మ్యాచ్ మధ్యలో స్పృహ తప్పాడు. గుండె లయ తప్పుతోందని తేలింది, మందులిచ్చారు, మళ్లీ ఆటకు వచ్చాడు. 1990 మార్చిలో కోర్టులోనే కూలి చనిపోయాడు. వయసు 23.

మా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి గురించి చెప్తాను, గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీసు చేస్తూ 800 మీటర్ల చివరి మలుపులో బోర్లా పడింది, ముందు పన్ను విరిగింది. "ఏమీ తినకుండా పోయింది సార్, అందుకే" అన్నాడు తండ్రి. విరిగిన పన్ను చూడగానే నాకు అనుమానం వచ్చింది. మామూలుగా కళ్లు తిరిగేవాళ్లకు ముందే తెలుస్తుంది, చెమట పడుతుంది, వికారంగా ఉంటుంది, చూపు మసకబారుతుంది, చేతులు అడ్డం పెట్టుకుంటారు. ఏ సూచనా లేకుండా మొహం నేలకు కొట్టుకుందంటే కరెంటు స్విచ్ ఆపినట్టు స్పృహ పోయిందన్నమాట. మీ ఇళ్లలో చిన్న వయసులో ఎవరైనా ఉన్నట్టుండి పోయారా అని అడిగాను. లేదన్నారు. కాసేపటికి తల్లి, "మా మరిది బావిలో మునిగిపోయిండు గద" అంది. ఈత వచ్చా అన్నాను. ఊళ్లో అందరికంటే బాగా వచ్చట.

ఈసీజీలో క్యూటీ అనే విరామం (ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు గుండెలో కరెంటు పుట్టి సర్దుకోవడానికి పట్టే సమయం) ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ ఉంది. గుండెలో కరెంటుకు సంబంధించిన ఈ పుట్టుక సమస్యలో పరుగు, ముఖ్యంగా ఈత, ప్రాణాంతకమైన లయను రేపగలవు. అమ్మాయికి మందు మొదలుపెట్టి ఇంట్లో అందరికీ ఈసీజీ తీయించాం. తమ్ముడికీ అదే ఉంది. వాడు అప్పటిదాకా ఒక్కసారి కూడా పడలేదు.

మన దగ్గర మేనరికాలు ఎక్కువ కాబట్టి ఇంకో మాట. పుట్టు చెవుడు ఉన్న పిల్లలు పరుగెత్తినప్పుడో భయపడినప్పుడో పడిపోతుంటే ఈసీజీ తీయించకుండా వదలొద్దు. చెవుడు, క్యూటీ సమస్య రెండూ కలిసి వచ్చే జబ్బు ఒకటుంది, అది దగ్గరి సంబంధాల్లో ఎక్కువగా కనిపిస్తుంది.

గుండె కండరం మందంగా పెరిగే జబ్బు సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది. మన హబ్సిగూడలోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న పరిశోధన ఒకటి 2009లో వెలువడింది. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో చిన్న ముక్క లోపించడం దక్షిణాసియా ప్రజల్లో దాదాపు 4 శాతం మందిలో కనిపిస్తుందని, దానికీ గుండె కండర జబ్బులకూ సంబంధం ఉందని అందులో తేలింది. అది ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు. అయినా "మా వాడు కుర్రాడు, గుండె జబ్బేంటి" అనేవాళ్లకు నేను ఈ సంగతి చెప్తుంటాను. ఇవి కాక పుట్టుకతోనే గుండె రక్తనాళం తప్పు చోటు నుంచి మొదలవడం, పెద్దవాళ్లలో బృహద్ధమని కవాటం (గుండె నుంచి రక్తం ఒంట్లోకి వెళ్లే తలుపు) బిగుసుకుపోవడం ఉన్నాయి. ఈ కవాటం సమస్యను శ్రద్ధగా వింటే చాలాసార్లు స్టెతస్కోపే పట్టిస్తుంది. ముప్ఫై అయిదు దాటితే రక్తనాళాల్లో పూడికలను మొదట చూస్తాం.

అపోహ: షుగర్ డౌన్ అయి ఉంటుంది

ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లలో అవ్వొచ్చు. ఆరోగ్యంగా ఉన్నవాడికి గంట వ్యాయామంతో స్పృహ పోయేంతగా షుగర్ పడిపోవడం చాలా అరుదు. పైగా షుగర్ పడిపోయినవాడు పడుకోబెట్టగానే లేవడు, చక్కెర అందాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో మాత్రం చక్కెర నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అపోహ: పరుగులో నీళ్లు ఎన్ని తాగితే అంత మంచిది

దాహం వేసినంత తాగాలి. మూడు నాలుగు గంటలు పరుగెత్తుతూ ప్రతి స్టాల్ దగ్గరా మంచినీళ్లు తాగేవాళ్లలో రక్తంలో సోడియం ప్రమాదకరంగా తగ్గిపోవచ్చు. తలనొప్పి, వాంతులు, తికమక, ఆపై ఫిట్స్ వస్తాయి. డీహైడ్రేషన్ అనుకుని ఇంకా నీళ్లు పట్టిస్తే ముప్పు పెరుగుతుంది.

ఎండ దెబ్బ వేరు. మే నెలలో మధ్యాహ్నం క్రికెట్ ఆడుతూ పడిపోయినవాడు లేచాక పొంతన లేకుండా మాట్లాడుతున్నాడంటే, ఒళ్లు కాలిపోతోందంటే, ఒంట్లో వేడి 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. చెమట పడుతున్నా సరే అది ఎండ దెబ్బ కావచ్చు. పారాసిటమాల్ పనిచేయదు. 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపే నీళ్లు గుమ్మరించి, ఐస్ పెట్టి చల్లబరచాలి.

అపోహ: టీఎంటీ నార్మల్ వచ్చింది, గుండెకు ఢోకా లేదు

టీఎంటీ అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ చూడటం, ముఖ్యంగా రక్తనాళాల్లో పూడికలను పసిగట్టే పరీక్ష. కండరం మందాన్ని చూపించేది 2డీ ఎకో. అందుకే పరుగు మధ్యలో పడిపోయినవాళ్లను ఎకో చూడకుండా ట్రెడ్‌మిల్ ఎక్కించడం నాకు ఇష్టం ఉండదు. తప్పు చోటు నుంచి మొదలైన రక్తనాళాన్ని సీటీ యాంజియో బాగా చూపిస్తుంది. ఆర్నెల్లకోసారి తప్పే లయ 24 గంటలు ఈసీజీ నమోదు చేసే హోల్టర్‌లో దొరకకపోవచ్చు, అలాంటప్పుడు ఛాతీ చర్మం కింద చిన్న రికార్డరు పెడతాం. తలకు దెబ్బ తగలకపోతే, చెయ్యో కాలో పడిపోకపోతే మెదడు స్కాన్‌తో పెద్దగా తేలేది ఉండదు. ఇంత కంటే చవకైన, అందరికీ చేయాల్సిన పరీక్షలు రెండు. ఒక ఈసీజీ. పడుకోబెట్టి, నిలబెట్టి చూసే బీపీ. చూసినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లనీ వెంట తీసుకురండి, వీడియో ఉంటే ఇంకా మంచిది.

అపోహ: ఒకసారి పడ్డాక వ్యాయామం మానేయాలి

ఆపాక పడ్డవాళ్లు పరీక్షల్లో ఏమీ లేకపోతే మానక్కర్లేదు. చివరి 5 నుంచి 10 నిమిషాలు వేగం తగ్గిస్తూ నడవాలి, కళ్లు తిరుగుతున్నట్టనిపిస్తే వెంటనే కింద కూర్చోవాలి. పరుగులోనే పడ్డవాళ్లు మాత్రం కారణం తేలేదాకా పరుగు, ఈత, జిమ్ అన్నీ ఆపాలి. తేలాక దారి దొరుకుతుంది. 2021 జూన్‌లో యూరో కప్ మ్యాచ్‌లో కూలిపోయిన డెన్మార్క్ ఫుట్‌బాలర్ క్రిస్టియన్ ఎరిక్సన్, ఛాతీలో షాక్ ఇచ్చే పరికరం పెట్టించుకుని 2022లో మళ్లీ మైదానంలోకి వచ్చాడు. అతను బతికింది నిమిషాల్లోనే ఛాతీ నొక్కి, షాక్ ఇచ్చారు కాబట్టి.

పడిపోయినవాడు పిలిస్తే పలకకుండా, ఊపిరి తీయకుండా ఉంటే మొహం మీద నీళ్లు చల్లుతూ సమయం పోగొట్టొద్దు. ఆగి ఆగి గుటకలు వేస్తున్నట్టు వచ్చే శ్వాస శ్వాస కాదు, గుండె ఆగినప్పుడు వచ్చేదే. ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఇంకొకరు ఛాతీ మధ్య రెండు చేతులతో, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్లు లోపలికి దిగేలా నొక్కుతూ ఉండాలి. దగ్గర్లో షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం ఉంటే మూడో మనిషిని పంపి తెప్పించండి. ఆన్ చేస్తే ఏం చేయాలో అదే మాటల్లో చెప్తుంది.