ఎలుక దవడలో స్ప్రింగు

భీమవరంలోనో అమలాపురంలోనో పళ్ళ డాక్టరు గది బయట కూర్చుంటే ఈ మాట వినబడుతూనే ఉంటుంది: "మాఘంలో పెళ్ళండీ డాక్టరు గారూ, అమ్మాయి క్లిప్పులు ఇంకాస్త బిగించెయ్యండి." బిగించినకొద్దీ పన్ను తొందరగా జరుగుతుందని మనందరి నమ్మకం. దాన్ని వందేళ్ళ కిందటే కుక్కల దవడలు దెబ్బతీశాయి.

1904-05లో స్వీడన్ దంతవైద్యుడు కార్ల్ సాండ్‌స్టెట్ కుక్క ముందుపళ్ళకు తీగ కట్టి వెనక్కి లాగాడు. తర్వాత ఆ దవడను పలచగా కోసి మైక్రోస్కోపు కింద చూశాడు. పన్ను ఒత్తుకుంటున్న వైపు ఎముక కరుగుతోంది, విడిచి వస్తున్న వైపు కొత్తది పడుతోంది. లంక గ్రామాల వాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు: ఒక గట్టున కోత, ఎదుటి గట్టున మేట.

ఒత్తిడి మరీ ఎక్కువైన చోట మాత్రం ఆ కోత ఆగిపోయింది. వేరుకీ ఎముకకీ మధ్య ఒక పీచుపొర ఉంటుంది, మందం మిల్లీమీటరులో అయిదో వంతు. గట్టిగా నొక్కితే అందులోని సన్నటి రక్తనాళాలు మూసుకుపోయి కణాలు చచ్చిపోతాయి. ఆ చచ్చిన భాగాన్ని పక్కనుంచి వచ్చిన కణాలు శుభ్రం చేసేదాకా, అంటే కొన్ని వారాలపాటు, పన్ను ఉన్నచోటే ఉంటుంది. 1932లో ష్వార్ట్స్, ఇతనూ కుక్కల మీద పనిచేసినవాడే, చదరపు సెంటీమీటరుకు 20 నుంచి 26 గ్రాములు దాటొద్దన్నాడు. 1996లో నెదర్లాండ్స్ పరిశోధకులు బీగిల్ కుక్కల పళ్ళను 50, 100, 200 గ్రాముల పాటి బలాలతో లాగి చూస్తే, బలం పెరిగినంత మాత్రాన వేగం పెరగలేదు. కుక్కకీ కుక్కకీ మధ్య తేడాయే ఎక్కువ. ఒకే డాక్టరు దగ్గర, ఒకేలాంటి తీగతో, పక్కింటమ్మాయికి ముందే అయిపోవడానికి ఇది చాలావరకు జవాబు.

కుక్కని పెంచడం ఖర్చు, పైగా మనసొప్పదు. అందుకే ఇప్పుడు ఎక్కువ భాగం ఎలుకలే. పొలంలో వరి పిలకలు కొరికేసేది కాదు, ల్యాబుల్లో పెంచే తెల్ల ఎలుక. దానికి మత్తిచ్చి, పై దవడలో మొదటి దవడపన్నుకి సన్నటి స్టీలు తీగ చుట్టి, చిన్న నికెల్-టైటానియం స్ప్రింగుని దానికి తగిలిస్తారు. రెండో కొస ముందుపళ్ళకి కట్టి, జారకుండా పళ్ళ సిమెంటుతో అతికిస్తారు. గట్టి గింజలు పెడితే అంతా ఊడగొట్టుకుంటుంది కనుక మెత్తటి మేత. రెండు మూడు వారాలకి పని అయిపోతుంది.

చిక్కు ఆ ముందుపళ్ళ దగ్గరే. కొబ్బరి బొండాలకి కన్నాలు పెట్టే ఆ పళ్ళు బతికున్నన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు. స్ప్రింగు కట్టిన చోటు రోజురోజుకీ కిందికి దిగుతుంటే లాగే దిశ మారిపోతుంది. మన దవడపళ్ళు వయసుతో ముందుకి జరుగుతాయి, ఎలుకవి వెనక్కి. అంటే ఆ స్ప్రింగు సహజమైన కదలికకి ఎదురు లాగుతోంది. ఇక సైజు: ఎలుక దవడపన్ను మనదానికన్నా ఇంచుమించు 50 రెట్లు చిన్నది. దాని మీద 20 గ్రాములంటే మన పన్ను మీద కిలో బరువు! ఇంతకన్నా ఎక్కువ బలం వాడిన ప్రయోగాలు కూడా చాలా ఉన్నాయి. అందుకే "ఫలానా మందుతో క్లిప్పులు సగం రోజుల్లో తీసెయ్యొచ్చు" అనే వార్త కనబడితే నేను ముందు వెతికేది రెండే: ఏ జంతువు, ఎన్ని గ్రాములు.

అలాగని ఎలుక చెప్పిందంతా కొట్టిపారెయ్యలేం. ఎముక ఏ కణాలతో కరుగుతుంది, వాటిని పిలిచే సంకేతాలేమిటి అన్న సంగతుల్లో చాలా భాగం ఎలుకల నుంచి, జన్యువులు మార్చిన చుంచెలుకల నుంచి వచ్చినవే. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఆ సంకేతాల్లో ఒకటైన ప్రోస్టాగ్లాండిన్లను అణిచి పన్ను కదలికను మందగింపజేస్తాయని జంతువుల్లోనే తేలింది. పారాసెటమాల్‌తో అలా జరిగినట్టు కనబడలేదు. బిగించిన రాత్రి నొప్పికి చాలామంది డాక్టర్లు పారాసెటమాలే రాయడం వెనక ఆ ప్రయోగాలున్నాయి.

మన దేశంలో ఇలాంటి ప్రయోగాలకి 1960 నాటి జంతుహింస నివారణ చట్టం వర్తిస్తుంది. సంస్థలో ఎథిక్స్ కమిటీ ఒప్పుకోనిదే మొదలుపెట్టకూడదు. ఈలోగా మనుషుల్లోనే చూసే దారి ఒకటి దొరికింది. ఎత్తుపళ్ళు సర్దడానికి చోటు కోసం చాలామందికి చిన్న దవడపళ్ళు ఎలాగూ పీకాలి. వాళ్ళు ఒప్పుకుంటే, పీకే ముందు కొన్ని వారాలు ఆ పళ్ళకి తెలిసిన బలం పెట్టి, బయటికొచ్చిన వేరుని స్కాను చేసి ఎంత అరిగిందో కొలుస్తున్నారు.